హైదరాబాదు పార్టీ

చవకగా బతకాలని కలలు కంటున్న మధ్యతరగతి ప్రజానీకానికి, ఆరు నెలల క్షేత్ర పరిశోధన తర్వాత తేలిన ఒక సత్యాన్ని సవినయంగా మనవి చేస్తున్నాను. చవక అనేది మన సామాను లారీ వచ్చేదాకా ఒక ఊళ్ళో ఉంటుంది, లారీ కనపడగానే పక్క ఊరికి వెళ్ళిపోతుంది.

హైదరాబాదు కొండాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు 1.2 కోట్లు అన్నారు. ఆఫీసువాళ్ళు ఎలాగూ ఇంటి నుంచే పని చేసుకోమన్నారు కదా అని కాకినాడ వచ్చేశాం. గీత గీసినట్టుండే తిన్నని వీధులు, పెన్షనర్ల స్వర్గమని పాతకాలం నుంచి పేరు. నాకు రిటైర్మెంటుకి ఇంకా 22 ఏళ్ళుంది, అయినా స్వర్గానికి కాస్త ముందుగా వెళ్తే తప్పేముంది అన్నాను. ఆ మాట మా ఆవిడకి నచ్చలేదు.

బడ్జెట్ 50 లక్షలు. మొదటి బ్రోకరు భానుగుడి సెంటర్లో టీ తాగుతూ మా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నంబరు ప్లేటు మీద టీఎస్ అన్న అక్షరాల దగ్గర భక్తిగా ఆగాడు. ఫోన్లో 48 లక్షలన్న ఫ్లాటు టీ గ్లాసు కింద పెట్టేలోపు 56 అయింది. టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను. మర్నాటి నుంచి కారు ఇంట్లో పెట్టేసి బావమరిది స్కూటీ వెనక కూర్చున్నాను. "నువ్వు నోరు విప్పకు బావా, విప్పితే మాత్రం చివర 'ఆయ్' అను, లక్ష తగ్గుద్ది" అన్నాడు వాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది మాత్రం వేదవాక్కు: ఇల్లు నవంబరులో, వాన పడుతున్నప్పుడు చూడాలట. ఎండాకాలంలో కాకినాడలో ప్రతి స్థలమూ మెరకే.

సర్పవరం వైపు ఒక ఫ్లాటు. 1,200 చదరపు అడుగులు అన్నారు. టేపు పట్టుకుని కొలిస్తే 850 దగ్గర ఆగిపోయింది. పడగ్గదిలో మంచం పడుతుంది గానీ మంచం దిగడానికి చోటుండదు. అదే అడిగితే "మీరు లోపల కొలుస్తున్నారండీ" అన్నాడు బ్రోకరు, అదేదో నా చాదస్తం అన్నట్టు. మిగతా 350 అడుగులు లిఫ్టులో, మెట్లలో, వాచ్‌మన్ కుర్చీ కింద ఉన్నాయట. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి కొలత ప్రకారం అమ్మాలని 2016లో బిల్డర్లని అదుపు చేసే రెరా చట్టం వచ్చింది కదండీ అన్నాను. "ఎనిమిదే ఫ్లాట్లండీ, మనకి రెరా రాదు" అన్నాడు. నిజమే, ఎనిమిది దాటకపోతే రెరాలో నమోదు చేయించక్కర్లేదు. గ్రహాలు తొమ్మిది, దిక్కులు పది, అయినా మన బిల్డర్లకి ఎనిమిది మీదే ఎందుకంత గురి అన్నది ఆరోజు అర్థమైంది.

బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయేమో అని మా ఆవిడ అనుమానపడింది. ఓనరు గారు నొచ్చుకుని, లోపలికి వెళ్ళి స్వయంగా ఒక గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చారు. అమృతంలా ఉన్నాయి. తీరా చూస్తే వంటింటి గట్టు కింద, కర్టెన్ చాటున 20 లీటర్ల వాటర్ టిన్ను. దాని మూతి ఇంకా తడిగానే ఉంది. నేనూ చూశాను, నేను చూశానని ఆయనా చూశారు. ఇద్దరం పెద్దమనుషులం కాబట్టి ఫ్యాను గురించి మాట్లాడుకున్నాం. వచ్చేటప్పుడు మాత్రం ఊరుకోలేక 50కి అడిగాను, ఆయన తల అడ్డంగా ఊపారు.

రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. వినడానికి జ్వరానికి ఇచ్చే మాత్రంత ఉంటుంది, 50 లక్షల మీద లెక్కేస్తే 3.75 లక్షలు. దానికీ బ్రోకర్ల దగ్గర మందుంది, కాగితం మీద తక్కువ చూపిద్దాం అంటారు. కానీ బ్యాంకువాడు కాగితం మీదున్న ఇంటికే అప్పిస్తాడు, మిగతా ఇంటిని మనం సూట్‌కేసులో తెచ్చుకోవాలి. ఇక వాస్తు సంగతి చెప్పేదేముంది, అమ్మేవాడి ఇల్లు ఎటు తిరిగుంటే ఆ దిక్కు నా ఉద్యోగానికి కలిసొస్తుంది.

మొన్న ఇంకో బ్రోకరు, పాపం కుర్రాడు, వెనక వీధిలోంచి తీసుకెళ్ళి ఒక ఫ్లాటు చూపించాడు. "త్వరగా తేల్చెయ్యండి సార్, ఎవరో హైదరాబాదు పార్టీ 54కి అడిగితే కూడా ఓనరు గారు ఇవ్వలేదు. వాళ్ళ కారు చూశారంటనండీ, ఇంతుందంట." నాకు వంటింటి గట్టు కింద కర్టెను కనపడింది. అదే కర్టెను, అదే టిన్ను. ఆ పార్టీని నేనే. అడిగింది 50, అదీ స్కూటీ మీద వచ్చి.

బావమరిది నా చెయ్యి గిల్లాడు. కానీ వాడెవడో హైదరాబాదు నుంచి ఊడిపడి మా ఊళ్ళో 54 ఇస్తానంటే ఎలా ఊరుకుంటాం?

"55 ఇస్తానని చెప్పు. ఆయ్."