యార్క్‌టౌన్‌లో తెర దించేస్తే ఎలా?

2026 జులై 4కి అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని 250 ఏళ్లు. ఇక్కడి మన తెలుగు సంఘాల పిక్నిక్కుల్లో పిల్లల నాటికలు ఈసారి ఎక్కువే ఉంటాయి. కథ నాకు ముందే తెలుసు: బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్లపాలవుతాయి, తెల్ల విగ్గు పెట్టుకున్న బుడతడు వాషింగ్టన్‌లా గుర్రమెక్కి వస్తాడు, యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోతాడు, చప్పట్లు, తెర.

నా పేచీ ఆ తెర దగ్గరే. కార్న్‌వాలిస్ సేన ఆయుధాలు దించింది 1781 అక్టోబర్ 19న (ఒంట్లో బాగాలేదని తాను రాకుండా కింది అధికారిని పంపాడు!). రాజ్యాంగం మీద సంతకాలు పడింది 1787 సెప్టెంబర్ 17న. మధ్యలో ఉన్న ఆరేళ్లలో గెలిచిన దేశం చెదిరిపోయేంత పనైంది. సిటిజన్‌షిప్ పరీక్షకు చదివినప్పుడు నేనూ ఆ ఆరేళ్లను ఒక్క గుక్కలో దాటేశాను.

అప్పుడున్నది 13 రాష్ట్రాల వదులు కూటమి. కాంగ్రెస్‌కు, అంటే ఆ రాష్ట్రాల ప్రతినిధుల సభకు, పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను డబ్బు అడగొచ్చు, ఇవ్వకపోతే మళ్లీ అడగొచ్చు, అంతే. లండన్ వేసిన పన్నులకు తిరగబడ్డవాళ్లు సొంత కాంగ్రెస్ చేతికైనా గల్లాపెట్టె తాళం ఇవ్వడానికి భయపడ్డారు. కూటమి నిబంధన మార్చాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. యుద్ధపు అప్పులు తీర్చడానికి దిగుమతులపై 5 శాతం సుంకం వేద్దామంటే, 1782లో బుల్లి రోడ్ ఐలాండ్ కాదంది. మన సంఘాల బైలాస్ (నియమావళి) సవరణ కోసం అర్ధరాత్రి దాకా జూమ్ మీటింగుల్లో కూర్చున్నవాళ్లకు ఈ బాధ నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సైనికులకు జీతాల్లేవు. 1783 మార్చిలో న్యూబర్గ్ శిబిరంలో అధికారులు కాంగ్రెస్ మీద కత్తి దూసేలా ఉన్నారు. వాషింగ్టన్ వాళ్ల ముందుకు వచ్చి ఓ ఉత్తరం చదవబోయాడు, అక్షరాలు ఆనలేదు. కళ్లజోడు తీసి పెట్టుకుంటూ, మీ సేవలో జుట్టు నెరిసింది, ఇప్పుడు చూపూ పోతోంది అన్న అర్థంలో ఓ మాట అన్నాడు. యుద్ధాల్లో రాటుదేలిన మనుషులు కంటతడి పెట్టుకున్నారు. జూన్‌లో మరికొందరు సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ భవనాన్నే చుట్టుముడితే, సభ్యులు ప్రిన్స్‌టన్‌కు తరలిపోయారు. అలా మన న్యూజెర్సీ ఊరు కొన్ని నెలలు దేశానికి రాజధాని అయింది. ఆ డిసెంబర్ 23న వాషింగ్టన్ అనాపొలిస్‌లో కాంగ్రెస్ ముందు నిలబడి సేనాపతి పదవి తిరిగి అప్పగించేశాడు. సైన్యం మొత్తం తన మాట వింటున్న రోజుల్లో! నాకైతే యార్క్‌టౌన్ కంటే ఇదే పెద్ద గెలుపు.

1786లో మసాచుసెట్స్ రైతులు అప్పులకు, పన్నులకు పొలాలు పోతుంటే కోర్టులు మూయించారు. వాళ్ల నాయకుల్లో ఒకడైన డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్. ఆ భయం కూడా తోడై, మరుసటి ఏడాది మే నెలలో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసిన సభ మొదలైంది. తలుపులు, కిటికీలు మూసుకుని ఎండాకాలమంతా వాదించుకున్నారు. వచ్చింది 55 మంది, చివరికి పడినవి 39 సంతకాలు. రోడ్ ఐలాండ్ అసలు మనిషినే పంపలేదు. రాష్ట్రాల ప్రతినిధుల సీట్ల కోసం జనాన్ని లెక్కించేటప్పుడు బానిసలను ఐదింట మూడొంతులుగా లెక్కగట్టిన రాజీ కూడా అక్కడిదే. ఆ మచ్చను నాటికలో దాచమని నేననను.

ఇంతకీ ఓడిపోయిన కార్న్‌వాలిస్ ఏమయ్యాడు? 1786లో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వచ్చాడు. 1793లో బెంగాల్‌లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి ఉత్తర సర్కారులకూ పాకి, కోస్తా రైతును జమీందారు చేతిలో పెట్టింది. ఇక్కడ పన్ను ఎవరు వేయాలో ప్రతినిధులు కొట్లాడి తేల్చుకున్నారు. అక్కడ మా ముత్తాతల తాతలను అడిగినవాడు లేడు. మన పిల్లలకు ఈ రెండు కథలూ కలిపి చెప్పగలిగింది మనమే.

కల్చరల్ కమిటీ వారికి ఒకటే మనవి. గుర్రం సీన్ ఉంచుకోండి, పిల్లలకు సరదా. కానీ న్యూబర్గ్ సీన్ కూడా పెట్టండి. కళ్లజోడు కావాలంటే నా పాతది ఇస్తాను.