లైబ్రేరియన్ గారూ, ఈమధ్య ఏం చదివారు?

గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకంలో నేను ముందు చూసేది చివరి అట్ట లోపల అంటించిన తేదీల చీటీ. కొన్నిటికి ఆ చీటీ నిండిపోయి, మీద ఇంకోటి అతికించి ఉంటుంది. చాలావాటికి నాలుగైదు ముద్రలు పడి ఆగిపోతాయి.

రెండేళ్ల కిందట మా ఊరి శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ గారిని, "మేడమ్, మీరీమధ్య ఏం చదివారు?" అని అడిగాను. "ఇన్నేళ్ల సర్వీసులో ఈ మాట నన్నెవరూ అడగలేదండీ" అన్నారు. లేచి వెళ్లి, కింది అరలోంచి ఒక సన్నటి కథల పుస్తకం తెచ్చారు. "మొదటి రెండు కథలూ మీకు నచ్చవేమో. మూడోదాంట్లో అత్తగారు మాట్లాడే తీరు చూడండి, మన వీధిలో విన్నట్టే ఉంటుంది." చీటీ మీద ఆఖరి ముద్రకు పదకొండేళ్లు. నేను తిరిగిచ్చిన కొన్ని నెలలకు మళ్లీ చూస్తే, నా తేదీ కింద ఇంకో రెండు ముద్రలు. ఆవిడ మరో ఇద్దరికి చెప్పారన్నమాట.

ఆ మాటలో ఉన్న బలం పత్రికల సమీక్షకు రాదు. సమీక్ష వచ్చేది కొత్త పుస్తకానికి. గ్రంథాలయం బీరువాల్లో ఉన్నవి ఎక్కువగా పాతవి, వాటిలో కొన్ని ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. వాటి గురించి ఇవాళ మాట్లాడేవాళ్లెవరు? పైగా మన సాహిత్య లోకంలో స్నేహాలు, మొహమాటాలు ఎక్కువ. కౌంటర్‌లో కూర్చున్న మనిషికి అమ్ముకోవాల్సిందేమీ లేదు. ఏ పుస్తకం రెండు రోజుల్లోనే తిరిగొచ్చిందో, దేన్ని గడువు దాటినా ఇవ్వడానికి మనసొప్పలేదో ఆమెకు తెలుసు. అడుగుతున్న నేనెవరో కూడా తెలుసు.

గణితం చెప్పుకుంటూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా వెళ్లిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అన్నది రెండోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్నది మూడోది. రెండోది ఎలాగో నెరవేరుతుంది, పేరు తెలిసినవాడు అడిగి తీసుకుంటాడు. ఎవరూ అడగని పుస్తకం సంగతేమిటి? దానికి 894.827 అని వర్గ సంఖ్య వేస్తే తెలుగు సాహిత్యమని తెలుస్తుంది. రాత్రి ఒంటిగంట దాకా నిద్రపోనివ్వదని చెప్పాలంటే మాత్రం చదివిన మనిషి కావాలి.

తెలుగునాట గ్రంథాలయోద్యమం ఈ సంగతి ఎరిగే నడిచింది. చదువురానివాళ్లను కూర్చోబెట్టి పత్రికలూ పుస్తకాలూ చదివి వినిపించారు. పాతూరి నాగభూషణం 1935లో పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. పుస్తకం దగ్గర మనిషి ఉండి తీరాలని వాళ్లు నమ్మారు. ఇవాళ అదే మనిషిని మనం తాళాలు తీసి, పేపర్లు పరిచి, రిజిస్టరు రాసే ఉద్యోగిగా మిగిల్చాం.

ఇప్పుడు రీడింగ్ హాళ్లు ఖాళీగా ఏమీ లేవు. పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉంటున్నాయి. వాళ్లు తమ పుస్తకాలు సంచిలో తెచ్చుకుని, కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం కోసం వస్తారు. తప్పేమీ కాదు, వాళ్ల అవసరం అది. కానీ బీరువా పక్కనే రోజంతా కూర్చునే ఆ పిల్లల్ని పుస్తకం దాకా పిలిచే గొంతు ఉండాలి. అందుకే లైబ్రేరియన్ తను చదివిన పుస్తకం గురించి నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి, అందరికీ కనబడేలా పెట్టాలంటాను.

ప్రభుత్వోద్యోగి ఒక పుస్తకాన్ని మెచ్చుకుంటే పక్షపాతం అనరా అని కొందరి సందేహం. ఇది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఫలానా రచయిత వర్గం పేరుతో ఫిర్యాదు వస్తే ఇబ్బంది పడేది చిన్న ఉద్యోగే. అందుకే ఇది వ్యక్తిగత అభిప్రాయమని రాసి కింద సంతకం పెట్టాలి, పాఠకుడు విభేదించడానికి ఆ కాగితం మీదే చోటు వదలాలి. ఆ ఉద్యోగికి పైఅధికారి అండగా నిలవాలి. చదవడానికి పని వేళల్లో కొంత సమయమూ ఇవ్వాలి. ఒక్కరే అన్నీ చూసుకునే శాఖలో ఇది కష్టమే, నెలకో పుస్తకమైనా చాలు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్న మనం దీన్ని అడగొచ్చు.

ఆ కాగితాన్ని నోటీసు బోర్డులో సర్క్యులర్ల మధ్య పెట్టొద్దు. దినపత్రికల బల్ల పక్కన గోడకు అంటించాలి, అందరూ ఆగేది అక్కడే. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో అతిథుల ప్రసంగాలు కొంచెం తగ్గించి, ఒక పూట సిబ్బందిని మాట్లాడించాలి. అటెండరు చదివితే అటెండరూ మాట్లాడాలి. నచ్చనిది నచ్చలేదనీ చెప్పాలి. అన్నిటినీ పొగిడే మనిషి మాట మీద రెండోసారి ఎవరూ పుస్తకం తీసుకోరు.

మొన్న వెళ్లినప్పుడు మా లైబ్రేరియన్ గారి బల్ల మీద లావుపాటి నవల ఒకటి ఉంది. ఎలా ఉందన్నాను. "సగంలో ఆపేశానండీ. తండ్రి పోయిన చోట రచయిత తొందరపడిపోయాడు. అంత పెద్ద చావుకి రెండు పేజీలేనా?" అన్నారు.

ఆ రెండు పేజీలూ చూద్దామని నవల ఇంటికి తెచ్చుకున్నాను.