చావు ఎండది.. లెక్క గుండెపోటుది

వడదెబ్బతో మనిషి చనిపోతే ఆ కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని తెలంగాణ ప్రభుత్వం రూ.50 వేల నుంచి రూ.4 లక్షలకు పెంచింది. వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. మంచి పనే, మెచ్చుకోవాల్సిందే. కానీ ఉత్తర్వు చదవగానే మాకు తట్టిన ప్రశ్న వేరు. ఈ నాలుగు లక్షలు అందేది ఎందరికి? ఫలానా మనిషి ఎండకే చనిపోయాడని కాగితం మీద రాసేదెవరు? వడగాడ్పుల ప్రాణనష్టం ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతోందని ఆ ఉత్తర్వులోనే ప్రభుత్వం ఒప్పుకుంది. నమోదు చేసే తీరు మారకుండా పరిహారం ఒక్కటే పెరిగితే ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. యాభై వేలకే సవాలక్ష కొర్రీలు వేసిన యంత్రాంగం నాలుగు లక్షలంటే ఊరుకుంటుందా?

ఇప్పటిదాకా నడిచిన పద్ధతి పాఠకులకు తెలిసిందే. మండలంలో తహసీల్దార్, ఎస్సై, మెడికల్ ఆఫీసర్ ముగ్గురూ కలిసి తేల్చాలి. ముగ్గురి సంతకాలూ పడితేనే అది వడదెబ్బ చావు. ఒక్క సంతకం తగ్గినా ఫైలు కదలదు.

అసలు ఆ చావు ఎలా వస్తుందో ఒకసారి చూడండి. అపార్ట్‌మెంటు స్లాబు పని. పొద్దున ఏడింటికి ఎక్కిన కూలీ మధ్యాహ్నం రెండు దాకా ఇసుక, కంకర తట్టలు మోస్తుంది. తల తిరుగుతోందంటే మేస్త్రీ కాసేపు నీడన కూర్చోమంటాడు. కూర్చుని మళ్లీ లేస్తుంది, సగం పూటకు కూలి కోసేస్తారని. సాయంత్రం ఇంటికొచ్చి రేకుల గదిలో వాలుతుంది. పగలంతా కాలిన రేకు రాత్రి తొమ్మిదైనా సెగ కక్కుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పితిప్పి మొహాన కొడుతుంది. ఒళ్లు చల్లబడాలంటే రక్తం చర్మం వైపు రావాలి. అందుకోసం గుండె మామూలుకన్నా ఎక్కువగా కొట్టుకుంటూనే ఉండాలి. ఒంట్లో నీళ్లు తగ్గిపోయి రక్తం చిక్కబడుతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి. తెల్లవారుజామున ఆ గుండె ఆగిపోతుంది. ఆర్‌ఎంపీ వచ్చి చెయ్యి పట్టుకు చూసి హార్ట్ ఎటాక్ అంటాడు. మధ్యాహ్నానికల్లా దహనం అయిపోతుంది. ఆ ఎండలో శవాన్ని ఎంతసేపని ఉంచుతారు?

వారం తర్వాత ఎవరో చెబితే ఇంటాయన తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తాడు. పోస్టుమార్టం రిపోర్టు ఏదని అడుగుతారు. నిజానికి పోస్టుమార్టం చేసినా ఇది వడదెబ్బేనని చెప్పే ప్రత్యేకమైన గుర్తంటూ ఒంట్లో ఉండదు. ప్రాణం ఉండగా ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిందని ఎవరైనా కొలిచి రాసి ఉండాలి. అర్ధరాత్రి రేకుల గదిలో థర్మామీటరు పట్టుకుని కూర్చునేదెవరు? దొరకదని తెలిసిన సాక్ష్యాన్నే తెమ్మంటున్నారు. అది తేలేదని లెక్కలోంచి తీసేస్తున్నారు.

పైగా ఎండకు పోయేవాళ్లందరూ రోడ్డు మీద కుప్పకూలి పోరు. గుండె జబ్బు, బీపీ, షుగరు, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గడప దాటని ముసలివాళ్లు ఇంట్లోనే పోతారు. పగటి ఎండకు తోడు రాత్రి కూడా చల్లబడకపోతే ఒంటికి తేరుకునే వ్యవధే ఉండదు. మచిలీపట్నం, కాకినాడ లాంటి చోట్ల 36 డిగ్రీలే కదా అనిపిస్తుంది. గాలిలో తేమకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లారదు. కోస్తాలో 37 డిగ్రీలు, మైదానాల్లో 40 డిగ్రీలు దాటాకే వడగాడ్పుల మాట ఎత్తాలన్నది వాతావరణ శాఖ కొలమానం. ముసలి గుండెకు ఆ కొలమానం తెలియదు.

వేసవిలో పోయిన ప్రతి మనిషినీ ఎండ ఖాతాలో వేయలేమని, డబ్బు కోసం దొంగ క్లెయిములు వస్తాయని అధికారులు అంటారు. ఏడాది మొత్తం మీద చలి వల్ల పోయేవాళ్లే ఎక్కువని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. ఉండొచ్చు. అయితే ఆ మాట తేల్చడానికైనా ముందు లెక్క రాయాలి కదా!

లెక్క తీయడం చేతకాని పనేమీ కాదు. అహ్మదాబాద్ చేసి చూపించింది. 2010 మే నెలలో అక్కడ ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. పరిశోధకులు ఎవరి పోస్టుమార్టం రిపోర్టులూ అడగలేదు. నగరంలో నమోదైన మొత్తం మరణాలు తీశారు. ఆ నెలలో 4,462 మంది చనిపోయారు. అంతకుముందు, ఆ తర్వాత ఏళ్ల మే నెలల సగటుతో పోల్చితే 1,344 మంది ఎక్కువ. కారణం ఏమని రాశారన్నది పక్కన పెట్టి, మామూలు కంటే ఎంతమంది ఎక్కువ పోయారో చూశారు, అంతే. ఆ చావులు చూశాకే నగరానికి చురుకు పుట్టింది. 2013లో దేశంలోనే మొదటి వేసవి కార్యాచరణ ప్రణాళిక అక్కడ వచ్చింది. కరోనా అప్పుడు మరణాలను ఇలా లెక్కగట్టడం మనమూ చూశాం, పేపర్లలో రోజూ చదివాం. మన రాష్ట్రాల్లో ఎండకు మాత్రం ఎవరూ ఆ పని చేయరు.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఎండలకు సుమారు 15 వేల మంది చనిపోయారు. అంకెలు బయటికొచ్చేసరికి దేశం అట్టుడికింది. నెల తిరగకుండానే ఆరోగ్య శాఖ డైరెక్టర్ జనరల్ రాజీనామా చేశారు. 2022 వేసవిలో యూరప్ మొత్తం మీద 61 వేలమందికి పైగా ఎండకు పోయారని పరిశోధకులు అంచనా కట్టగలిగారంటే, అక్కడ వారం వారం మరణాల లెక్క బయట పెడతారు కాబట్టే. మన దగ్గర అలాంటి లెక్క లేదు, అందుకే రాజీనామాలూ లేవు.

మన అంకెల సంగతి చూడండి. 2024 మార్చి నుంచి జూన్ మూడో వారం దాకా దేశంలో 40 వేలకు పైగా అనుమానిత వడదెబ్బ కేసులు వచ్చాయని, నిర్ధారించిన మరణాలు 110 అని కేంద్ర ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. అదే ఏడాది జూన్ 1న, చివరి విడత పోలింగ్ రోజున, ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 33 మంది పోలింగ్ సిబ్బంది ఎండకు చనిపోయారని అక్కడి ఎన్నికల అధికారే ప్రకటించారు. 140 కోట్ల దేశంలో మూడున్నర నెలలకు 110, ఒక రాష్ట్రంలో ఒక్క రోజు డ్యూటీలో 33. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూసే అధికారి ఒక్కరూ లేరా? ఆరోగ్య శాఖది ఒక లెక్క, నేర గణాంకాల సంస్థది ఇంకొకటి, వాతావరణ శాఖది మరొకటి. దేశంలో డాక్టరు కారణం రాసి ఇచ్చే మరణాలు నాలుగో వంతు కూడా లేవు. మిగతా ముప్పావు వంతు ఏ లెక్కలోకి పోతోంది?

ఉమ్మడి రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, 2015 మేలో, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1,400 మంది, తెలంగాణలో 500 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఇవి ప్రభుత్వాలు ఒప్పుకున్న అంకెలే. ఆ తర్వాతి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ అంకె పదుల్లోకి పడిపోయింది. చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, సెల్‌ఫోన్ హెచ్చరికలు పనిచేశాయని అధికారులు చెప్పుకున్నారు. కొంత నిజమే అయి ఉంటుంది. రాయడం ఎంత తగ్గింది, చావడం ఎంత తగ్గిందన్నది మాత్రం ఎవరూ విడదీసి చెప్పలేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ తగ్గిన దాఖలా అయితే లేదు.

ఢిల్లీ తీరు ఇంకా విడ్డూరం. విపత్తు నిధితో సాయం చేయడానికి కేంద్రం 2025 నాటికి గుర్తించిన 12 విపత్తుల జాబితాలో తుపాను, వరద, కరవు, వడగళ్లు, చీడపీడలు ఉన్నాయి. చలిగాలులు కూడా ఉన్నాయి. వడగాడ్పులు లేవు! జాబితా పెంచాల్సిన అవసరం పెద్దగా లేదని 15వ ఆర్థిక సంఘం తేల్చేసింది. ఒకపక్క జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వడగాడ్పులకు మార్గదర్శకాలు అచ్చేస్తుంది, ఇంకోపక్క అదే కేంద్రం వాటిని విపత్తుగా ఒప్పుకోదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం లోపే సర్దుకోవాలి. ఇప్పుడు తెలంగాణ చేసింది అదే. చలికి పోతే విపత్తు, ఎండకు పోతే తలరాత. దక్షిణాదిలో పుట్టడం మన తప్పన్నమాట.

నీడ దొరకని పనుల సంగతి వేరే చెప్పాలా? ఉపాధి హామీ పనికి తెల్లారకముందే వెళ్లి ఎండెక్కకముందే మట్టి తీసేసిన కూలీలు కూడా హాజరు యాప్‌లో రెండో ఫొటో కోసం గట్టు మీద కూర్చోవాలి. ఎండ పూట మనుషులను బయట ఉంచొద్దని సలహా ఇచ్చేదీ, బయట ఉంటేనే కూలి అనేదీ ఒకే సర్కారు.

నాలుగు లక్షల మాట నిజమే అయితే ఈ వేసవిలో ఒక్క పని చేయండి. జనన మరణాల నమోదు చట్టం 1969 నుంచీ ఉంది. 21 రోజుల్లో ప్రతి చావూ రిజిస్టరుకు ఎక్కాలి. రెండు రాష్ట్రాల్లో ప్రతి మున్సిపాలిటీలోనూ ఆ రిజిస్టరు ఉంది, కంప్యూటరు ఉంది, గుమస్తా ఉన్నాడు. గత పదేళ్ల ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని మరణాలు నమోదయ్యాయో తీసి, పక్కనే ఆ రోజు ఎండ ఎంతో వేసి ప్రజల ముందు పెట్టండి. ఆ ఎక్కువ తక్కువలను బట్టే పరిహారం దరఖాస్తులు చూడమని త్రిసభ్య కమిటీలకు చెప్పండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కన్సల్టెంట్లు అక్కర్లేదు. రోహిణి కార్తెకు ఇంకా టైముంది. సచివాలయంలో ఏసీ 22 మీద పెట్టుకుని వడగాడ్పుల మీద సమీక్షలు జరిపే పెద్దలు ఆ రిజిస్టరు తెరవడానికి ఎందుకు జంకుతున్నారో ముందు చెప్పాలి.