ఎడారి యాత్రకు ప్రణాళికా సంఘం

ఢిల్లీలో ప్రణాళికా సంఘాన్ని ఎత్తేసి 2015లో నీతి ఆయోగ్ పెట్టారు. చాలామంది అది పోయిందనుకున్నారు. పోలేదు. అరిజోనాలోని చాండ్లర్‌లో, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నిక్షేపంగా ఉంది. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలకు టూసాన్ దగ్గరి అరిజోనా-సొనోరా ఎడారి మ్యూజియం చూపించడం ప్రస్తుతం దాని ముందున్న అత్యవసర సమస్య.

పేరుకు మ్యూజియమే గాని, 1952లో తెరిచిన నాటి నుంచీ అది ప్రధానంగా ఆరుబయటే. దాదాపు వంద ఎకరాల స్థలం, రెండు మైళ్ల కాలిబాటలు, నెత్తిన సూర్యుడు. జూన్‌లో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. సంఘం ఎజెండాలో ఈ సంగతి అట్టడుగున ఉంటుంది. పైన పులిహోర, దాని కింద మారికోపా గణపతి గుడి, ఆ కింద ముందు సీటు ఎవరిదన్న వివాదం. హారిస్ డేగలను ఆకాశంలోకి వదిలే ప్రదర్శన అక్టోబర్ నుంచి ఏప్రిల్ మధ్యే ఉంటుందని ఎవరో గుర్తుచేశారు. అప్పుడు పిల్లలకు సెలవుల్లేవు కాబట్టి డేగలదే తప్పని తేల్చారు.

శనివారం పొద్దున ఆరింటికి బయల్దేరాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆరింటికి చింతపండు నానబెట్టారు. తొమ్మిదింటికి అందరూ చెప్పులేసుకున్నారు గాని, అప్పటికి రాహుకాలం మొదలైంది. పదిన్నర దాకా ఆగక తప్పదు.

చేరేసరికి పన్నెండున్నర. కొండసింహం బండ నీడలో పడుకుని తోక చివర మాత్రమే చూపించింది. గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి బతుకులో చాలా భాగం బొరియలోనే గడుపుతుందట. మన ప్లానింగ్ సంగతి దానికి ముందే తెలిసినట్టుంది. ఎడారి జంతువులు చాలావరకు తెల్లవారుజామునో, పొద్దువాలాకో తిరుగుతాయి. వాటికి గ్రూపు లేదు, అడ్మిన్ లేడు, పాపం.

సగ్వారో జెముడు మొదటి కొమ్మ వేయడానికి 50 నుంచి 75 ఏళ్లు పడుతుందని చదివి సంఘానికి తన మీద తనకు గౌరవం పెరిగింది.

మామగారు మాత్రం నాగజెముడు దగ్గర ఆగిపోయారు. "మా చేని గట్టు మీద మేకలు కూడా ముట్టని దీన్ని చూడ్డానికి డాలర్లా?" నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండమే. మన గట్ల మీదికి వీసా లేకుండా వలసొచ్చింది అదే. ఈ ముక్క ఆయనతో చెప్పే ధైర్యం, ఆ ఎండలో, ఏ అల్లుడికుంటుంది?

చివరికి రాళ్లూ ఖనిజాలూ చూపించే కృత్రిమ గుహ దొరికింది. నీడ, చల్లదనం. అత్తగారు గోడకు చేరబడ్డారు, పిల్లలు నేల మీద కూలబడ్డారు. మామగారు తువ్వాలుతో మెడ తుడుచుకుని తీర్పు చెప్పారు.

"మ్యూజియమంటే ఇదీ. ముందే ఇక్కడికి తీసుకురావచ్చుగా, అల్లుడుగారూ!"