హామీ పత్రమే అసలు రచన

సంపాదకులకు ఏం కావాలో తెలియక మన కథకులు ఏళ్ల తరబడి టెన్షన్ పడుతున్నారు. అనవసరపు టెన్షన్. కావలసిందేమిటో పోటీ ప్రకటనలోనే ఉంటుంది. ఏ సంక్రాంతి కథల పోటీ ప్రకటనైనా తీసి చూడండి. కథ గురించి ఒకే ఒక్క వాక్యం: 'ఇతివృత్తం ఏదైనా ఫర్వాలేదు, తెలుగుదనం ఉట్టిపడాలి.' ఆ తర్వాతివన్నీ కథతో పాటు రచయిత రాసి జతపరచాల్సిన హామీ పత్రం సంగతులే.

'ఈ రచన నా సొంతం. అనువాదం కాదు, అనుసరణ కాదు. ఏ పత్రికలోనూ, బ్లాగులోనూ, ఫేస్‌బుక్‌లోనూ, వాట్సాప్ గ్రూపులోనూ రాలేదు. మరెవరి పరిశీలనలోనూ లేదు.' ఎంత బిగువైన వచనమో గమనించారా? ఒక్క విశేషణం లేదు, ఎక్కడా ఉపన్యాసం లేదు. మన కథల్లో ఈ నిగ్రహం ఎన్నిటికుంది? పైగా ఆఫీసులో మొదట చదివేది దాన్నే. అది లేకపోతే కథ కవరు దాటి బయటికే రాదు.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్లు ప్రపంచ కథల పోటీ పెడితే, పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఇంగ్లీషులోకి వెళ్లి మరీ రెండో బహుమతి తెచ్చుకుంది. ఆ అమెరికన్లకు నిబంధనలు రాయడం రాలేదు, అంతే. మన పద్ధతిలో అయితే 'అనువాదాలు స్వీకరించబడవు' అన్న దగ్గరే ఆగిపోయేది.

పంపాక మూడు నెలలు ఆగాలి. కబురు రాకపోతే వేరే సంబంధం చూసుకోవచ్చు. ఎందుకు నచ్చలేదని అడగకూడదు. 'ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు' అని ముందే చెప్పారు కదా. బహుమతి రాని కథల్లో కొన్నిటిని 'సాధారణ ప్రచురణకు' తీసుకుంటారు. అసాధారణంగా రాసినవాళ్లు ఈ మాటకు నొచ్చుకోకూడదు.

ఇక కవిత్వం. విమర్శకులు దీన్ని భావం, అభ్యుదయం, దిగంబరం, అనుభూతి అంటూ విభజించారు. పేజీ కట్టేవాడికి కవిత్వం రెండే రకాలు: పట్టేది, పట్టనిది. కథ అయిపోయాక కింద నాలుగంగుళాల చోటు మిగిలి, ప్రకటన దొరక్కపోతే అక్కడ కవిత పుడుతుంది. ఎన్.గోపి గారి నానీలనే చిట్టి కవితలకు నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఆ కొలత పేజీ కట్టేవాళ్లకు ఎంత ఉపకారం చేసిందో సాహిత్య చరిత్రలో ఎవరూ రాయలేదు. మీరు దీర్ఘ కవిత రాసే ముందు, చీరల దుకాణం ప్రకటన మానుకుంటుందో లేదో వాకబు చేయండి.

ఉగాది కవితలు జనవరిలోనే పంపాలి. కోయిల ఇంకా గొంతు సవరించుకోకపోయినా, వేప పూత జాడ లేకపోయినా మీరు పరవశించి తీరాలి. ఆ పరవశం ఎ4లో ఒక పేజీ మించరాదు. యూనికోడ్‌లో ఉండాలి. పీడీఎఫ్‌లో పరవశిస్తే చెల్లదు.

ఇన్ని చూశాక నాకు తోచిన సూచన ఒకటే. ఎలాగూ శ్రద్ధగా చదివేది వాటినే కాబట్టి, ఈ ఏడాది కథల పోటీ మాని హామీ పత్రాల పోటీ పెట్టాలి. పాల్గొనేవారు తాము పంపే హామీ పత్రం సొంతమేననీ, మరే కథకూ జతచేయలేదనీ ధ్రువీకరిస్తూ విడిగా ఇంకో హామీ పత్రం జతపరచాలి. తుది నిర్ణయం సంపాదకులదే.