ప్లాన్ పెంచే ముందు వైరు పెట్టి చూడండి

ఇంట్లో నెట్ నెమ్మదిస్తే మన ఊళ్లలో అందరూ చెప్పే మాట ఒకటే, "ప్లాన్ పెంచుకోండి" అని. ఈ మాట మీద నాకు చాలా కోపంగా ఉంది. దీన్ని నమ్మి మేం మూడు నెలలు డబ్బు పోగొట్టుకున్నాం, మా కోడలు ఆఫీసులో మాట పడింది.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తాతల నాటి మండువా లోగిలి, అడుగున్నర మందం గోడలు. వైరు వీధి గదిలోకి వచ్చింది కాబట్టి రౌటర్‌ని అక్కడే ఇనుప బీరువా మీద పెట్టి వెళ్లారు. కోడలు పని చేసుకునేది పెరటి వైపు గదిలో. మీటింగ్‌లో ఉండగా మాట తెగిపోయేది, బొమ్మ నిలిచిపోయేది. కేబుల్ అబ్బాయి వచ్చి రౌటర్ పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ చూశాడు. పెరటి గదిలోకి అడుగు కూడా పెట్టలేదు. "బాబాయ్ గారండి, 50 ఎంబీపీఎస్ స్పీడ్ సరిపోదండి, 200 పెట్టించుకోండి" అన్నాడు. పెట్టించాం. ఏమీ మారలేదు.

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు రౌటర్‌కి లాన్ వైరు పెట్టి లాప్‌టాప్‌లో చూస్తే 94 వచ్చింది. అదే లాప్‌టాప్‌లో పెరటి గదిలో వైఫై మీద 4. "మామయ్యా, ఈ రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. 95 దాటి రాదు. మీరు 200కి ఊరికే కడుతున్నారు" అన్నాడు. నాకు కడుపు మండిపోయింది. వీడియో కాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. పాత ప్లాన్‌లోనే అంతకు పది రెట్లు ఉంది. ఇంటి దాకా వస్తున్న నెట్ గోడలు దాటి గదిలోకి రావడం లేదు, అంతే.

వైఫై 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద వస్తే గోడల్ని కాస్త దాటుతుంది, కానీ స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్ మీద స్పీడ్ బాగుంటుంది, మందపాటి గోడ అడ్డొస్తే నీరసించిపోతుంది. ఇనుము అయితే రెండింటినీ ఆపేస్తుంది. అందుకే ఖరీదైన రౌటర్ కొన్నా బీరువా మీదో, టీవీ వెనకాలో పెడితే ఉపయోగం లేదు. భీమవరంలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి బాధ వేరు. చుట్టుపక్కల రౌటర్లు చాలా వరకు ఒకే ఛానల్ (వైఫై తరంగాలు నడిచే దారి) మీద ఉండి ఒకదానికొకటి అడ్డొస్తాయి. 2.4లో అయితే 1, 6, 11 ఛానళ్లలో ఏది ఖాళీగా ఉందో చూసి మార్చుకోవాలి.

మేం రౌటర్‌ని మండువా స్తంభానికి, వాన జల్లు తగలని ఎత్తులో బిగించాం. అన్ని గదుల గుమ్మాలూ అటే తెరుచుకుంటాయి కదా. పెరటి గదిలో 4 వచ్చేది 30 అయింది. తర్వాత అక్కడి నుంచి ఆ గదికి లాన్ వైరు లాగి, పాత రౌటర్ ఒకటి డీహెచ్‌సీపీ (ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ నెట్ అడ్రసులు పంచే సెట్టింగ్) ఆపేసి పెట్టాం. రిపీటర్ కొనమని చాలామంది చెప్పారు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో అందుకుని అందులోనే మళ్లీ పంపుతుంది, స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. వీలుంటే వైరే లాగండి.

ఇంతా చేశాక కూడా గాలేస్తే నెట్ పోయేది. అప్పుడు ఫైబర్ వచ్చి చేరే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న ఎర్ర దీపం వెలిగేది. అది వెలిగిందంటే తప్పు వైఫైది కాదు, మామూలుగా ఫైబర్ దారిలోనే ఉంటుంది. వెళ్లి చూస్తే వైరు కొబ్బరి చెట్టుకు కట్టి ఉంది, మట్ట ఊగినప్పుడల్లా దాన్ని వంచుతోంది. ఫైబర్‌లో నెట్ వెలుతురు రూపంలో వస్తుంది, అది బాగా వంగితే వెలుతురు బయటికి కారిపోతుంది. ఎంత వెలుతురు అందుతోందో చూడడానికి కేబుల్ వాళ్ల దగ్గర మీటరు ఉంటుంది. అందులో మైనస్ 20 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దగ్గరకు వెళితే తెగిపోతూ ఉంటుంది. మా ఇంటికి వచ్చిన ఎవరూ ఆ మీటరు తీయలేదు. మనమే అడగాలి, రీడింగ్ రాసిమ్మనాలి. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు, తప్పకుండా తీసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అది ఇవ్వాల్సిందే. పని జరగకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయొచ్చు.

నంబరు పట్టుకుని నాలుగుసార్లు అడిగాక వైరును చెట్టు మీంచి తీసి స్తంభానికి కట్టారు. మొన్నటి గాలివానకు రెండు మట్టలు పడ్డాయి, దీపం మాత్రం పచ్చగానే ఉంది. కోడలు ఇప్పుడు పాత 50 ప్లాన్ మీదే పని చేసుకుంటోంది.