ఆ నేల కథ ఏ అరలో ఉండాలి?

కెనడాలోని వాంకూవర్‌లో, ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలో 2017లో ఒక బ్రాంచి లైబ్రరీ తెరిచారు. కింద పుస్తకాలు, పై అంతస్తుల్లో ఒంటరి తల్లులకూ పిల్లలకూ ఇళ్లు. దానికి మస్క్వియం ఆదివాసులు తమ భాషలో పేరు ఇచ్చారు. తెలుగు లిపికి పూర్తిగా లొంగని పేరది. మొదటి ముక్క దాదాపు 'నత్సమాత్' అని వినిపిస్తుంది. మొత్తం పేరుకు 'మనం ఒకటే' అని అర్థం.

ఆ పేట చరిత్ర తెలిసినవాళ్లకు ఈ మాట అంత సులువుగా నోటికి రాదు. పక్కనే చైనాటౌన్. కొంచెం అవతల పావెల్ వీధి. 1942లో అక్కడి జపనీయ కుటుంబాలను ఇళ్ల నుంచి లేపి దూరపు క్యాంపులకు పంపేశారు. హోగన్స్ ఆలీలో నల్లజాతివాళ్ల ఇళ్లను ఫ్లైఓవర్ల కోసం కూల్చేశారు. వీళ్లెవరూ రాకముందు నుంచే ఆ నేల మస్క్వియం, స్క్వామిష్, స్లేల్-వాతూత్ ప్రజలది. వాళ్లు దాన్ని ఎవరికీ రాసివ్వలేదని నగర కౌన్సిలే 2014లో ఒప్పుకుంది.

వలస వచ్చినవాళ్ల కథలు చెప్పడం లైబ్రరీలకు కొంత తేలిక, ఎందుకంటే వాటికి కాగితాలుంటాయి. దేశంలోకి వచ్చినందుకు చైనావాళ్ల దగ్గర మనిషికింత అని వసూలు చేసిన తలపన్ను రసీదునే చూడండి. అతికించిన ఫొటో, పేరు, దిగిన ఓడ, కట్టిన సొమ్ము, అన్నీ అందులో ఉంటాయి. 1885లో 50 డాలర్లున్న ఆ పన్ను 1903 నాటికి 500 అయింది. 1923లో చైనావాళ్ల రాకను దాదాపు పూర్తిగా ఆపేశారు. అలాంటి ఒక ఫొటోలోని కుర్రాడి కళ్లు చూస్తే గుండె పిండేసినట్టు ఉంటుంది.

కానీ ఈ కథ ఒక్కటే చెబితే, ఖాళీగా ఉన్న చోటికి వచ్చి, కష్టపడి, పైకొచ్చారన్న అర్థమే మిగులుతుంది. ఓటు సంగతి చూడండి. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లకు 1907లో తీసేసిన ఓటు 1947లో తిరిగొచ్చింది. చైనావాళ్లకూ అప్పుడే వచ్చింది. ఆదివాసీ గుర్తింపు వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు అక్కడి మూలవాసులందరికీ దక్కింది 1960లో! ఈ రెండు సంగతులూ ఒకే బల్ల మీద పెట్టి చూపించకపోతే ఆ పేట చరిత్ర సగమే చెప్పినట్టు.

అసలు చిక్కు పుస్తకం వెన్ను మీద అంటించే చీటీలో ఉంది. ఉత్తర అమెరికా పబ్లిక్ లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చేందుకు ఎక్కువగా వాడే డ్యూయీ పద్ధతిలో ఆదివాసులను 970లో, అంటే చరిత్రలో, పెట్టే అలవాటు ఉంది. ఇప్పుడు బతికున్న మనుషులు కూడా గతం కిందికే వెళ్లిపోతారు. వాళ్ల పుట్టుక కథలు 398.2లోకి, జానపద కథల పక్కకి చేరతాయి. అయితే నోటి మాటగా వచ్చిన చరిత్రను సాక్ష్యంగా తీసుకోవాలని కెనడా సుప్రీంకోర్టు 1997లోనే, ఆదివాసుల భూమి హక్కు మీద నడిచిన డెల్గముక్ కేసులో చెప్పింది. కోర్టు చరిత్రగా ఒప్పుకున్నదాన్ని లైబ్రరీ ఇంకా కాలక్షేపం కథల మధ్య ఉంచడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మార్చడం అసాధ్యమేమీ కాదు. ఆ నగరాన్ని ఆనుకునే ఉన్న బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్న హ్వేహ్వా లైబ్రరీ, మోహాక్ ఆదివాసీ లైబ్రేరియన్ బ్రయన్ డీర్ తయారుచేసిన పద్ధతిని తనకు తగ్గట్టు మార్చుకుని వాడుతోంది.

ఇంకో సంగతి. ఆ పసిఫిక్ తీరపు ఆదివాసుల్లో కొన్ని పాటలు, పేర్లు, కథలు ఫలానా కుటుంబానివే. వాళ్లు సరేనంటేనే బయటికి చెప్పాలి. అందరికీ అన్నీ అందుబాటులో ఉండాలన్న లైబ్రరీ సూత్రం ఇక్కడ తగ్గక తప్పదు. రికార్డు చేసేముందు అడగాలి, వద్దంటే ఊరుకోవాలి.

వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం పెట్టుకున్నవాళ్లం మనం. లైబ్రరీ అంటే పుస్తకాల గది మాత్రమే కాదని మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇవాళ కెనడాలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల్ని కథల గంటకు తీసుకెళ్తారు, కార్డు తీసుకుంటారు, ప్రింట్లు తీసుకుంటారు. పిల్లాడు పుస్తకం ఎంచుకునేలోపు కౌంటర్ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: ఈ నేల ఎవరిది, వాళ్ల పుస్తకాలు ఏ అరలో ఉన్నాయి?